‘పోబాకు’ అనే హక్కు

మా అమ్మాయి డెన్వర్‌లో ఉంటుంది. శీతాకాలం శనివారాల్లో తెల్లవారకముందే లేచి ఇద్దరు ముగ్గురు స్నేహితులతో కలిసి మంచుకొండల్లోకి పోతుంది. పోయేముందు నాకొక మెసేజ్ పెడుతుంది. ఏ కొండ, ఏ వైపునుంచి ఎక్కుతున్నారు, ఎవరెవరు, ఎన్నింటికి కారు దగ్గరికి తిరిగొస్తారు, రాకపోతే ఎవరికి ఫోన్ చెయ్యాలి. అంతే ఉంటుంది అందులో. అది అందేసరికి ఇక్కడ ఆత్మకూరులో సాయంత్రం అయిదున్నర. వాళ్లు కొండ దిగే వేళకి నాకు అర్ధరాత్రి దాటి రెండున్నర. ‘కారు దగ్గరున్నాం’ అన్న రెండు ముక్కలు వచ్చేదాకా నేను పడుకోను.

మొదటి ఏడాది ప్రతి మెసేజ్‌కీ నా జవాబు ఒకటే. ‘పోబాకు తల్లీ.’

ఒకరోజు ఫోన్ చేసింది. కోపంగా కాదు, విసిగిపోయినట్టుగా అడిగింది. “అమ్మా, నువ్వు ఒక్కసారైనా ఏ వాలు మీదికి పోతున్నావని అడిగావా? మంచు ఎట్లా ఉందని అడిగావా? పోబాకు అంటావు. ఎక్కడికి పోబాకు? ఎందుకు పోబాకు?”

నా దగ్గర జవాబు లేదు. ముప్ఫయ్యేళ్లు కాలేజీలో పాఠాలు చెప్పినదాన్ని. ఆడపిల్లల కదలికల మీద ఉండే ఆంక్షల గురించి సభల్లో మాట్లాడినదాన్ని, వ్యాసాలు రాసినదాన్ని. నా కూతురి దగ్గరికొచ్చేసరికి మా అమ్మ నాతో అన్న మాటే, మా అమ్మతో మా అవ్వ అన్న మాటే నా నోట్లోంచి ఊడిపడింది. అది ప్రేమతో అన్న మాటే. కానీ ప్రేమతో అన్నంతమాత్రాన అది న్యాయమైన మాట అవుతుందా? ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చుకునే పని చేస్తానంటే, ఆ మనిషిని ప్రేమించేవాళ్లకి ‘పోబాకు’ అనే హక్కు ఉందా? ఉంటే అది ఎంతవరకు? ఈ ప్రశ్న నన్ను చాలాకాలంగా వదలడం లేదు.

నేను ముందుగా తెలుసుకోవాల్సింది నా కూతురు ఏం చేస్తున్నదనేది. మంచు మీద జారడం అంటే సినిమాల్లో చూసినట్టు తీగల బండి మీద పైకి పోయి, చదునుచేసిన దారిలో కిందికి జారడం అనుకున్నాను. ఇది అది కాదు. అక్కడ బండి ఉండదు, దారి ఉండదు, కాపలా ఉండదు. స్కీల అడుగున వెంట్రుకల్లాంటి నూగు ఉన్న పట్టీలు అంటించుకుంటారు. అవి ముందుకు జరగనిస్తాయి, వెనక్కి జారనివ్వవు. గంటల తరబడి కొండ ఎక్కి, పైన ఆ పట్టీలు ఊడదీసి, ఎవరూ తొక్కని మంచులో కిందికి దిగుతారు. ఎక్కడానికి నాలుగ్గంటలు, దిగడానికి పావుగంట.

ప్రమాదం మంచు కూలడం. మంచు అంటే ఒకే ముద్ద కాదని, పొరలు పొరలుగా ఉంటుందని మా అమ్మాయి చెప్పేదాకా నాకు తెలియదు. ప్రతి హిమపాతమూ ఒక పొర. మధ్యలో వచ్చే ఎండ, గాలి, చలి ప్రతి పొరనీ మారుస్తాయి. శీతాకాలం మొదట్లో పడిన పలచని మంచు, పైన గడ్డకట్టే చలికీ కింద నేల వెచ్చదనానికీ మధ్య నలిగి, పంచదార పలుకుల్లాగా అయిపోతుంది. పలుక్కీ పలుక్కీ పట్టు ఉండదు. దానిమీద గాలి తెచ్చిన గట్టి మంచు పలకలా పేరుకుంటుంది. పైకి చూస్తే తెల్లగా, నున్నగా, అందంగా ఉంటుంది. ఆ పలక మీద ఒక మనిషి బరువు పడితే అడుగునున్న పలుకులు కుంగుతాయి. ‘వుంఫ్’ అని ఒక మూలుగు వినపడుతుందట. చీలిక క్షణాల్లో వాలంతా పాకుతుంది. పలక పలకగా కొండ కదిలిపోతుంది. 30 నుంచి 45 డిగ్రీల మధ్య ఉన్న వాలుల్లోనే ఇది ఎక్కువ. అంతకన్నా నిటారుగా ఉంటే మంచు పేరుకోకముందే రాలిపోతుంది. అంతకన్నా చదునుగా ఉంటే సాధారణంగా కదలదు. మనిషికి జారడానికి ఏ వాలు బాగుంటుందో మంచుకి జారడానికీ అదే వాలు బాగుంటుంది. విషాదమంతా అక్కడే ఉంది.

అందుకని వాళ్లు చూసి పోతారు. కొలరాడోలో రోజూ ఉదయానికల్లా మంచు ప్రమాదం ఎంత ఉందో అయిదు స్థాయిల్లో ప్రకటించే ప్రభుత్వ కేంద్రం ఉంది. అది చదువుతారు. వాలు కొలుస్తారు. పారతో మంచులో గొయ్యి తవ్వి పొరలు చూస్తారు. 90 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల మందంతో ఒక మంచు దిమ్మెను విడదీసి, దాని ఒక అంచు మీద పార ఉంచి చేత్తో తడతారు. పది సార్లు మణికట్టు నుంచి, పది సార్లు మోచేతి నుంచి, పది సార్లు భుజం నుంచి. ఎన్నో దెబ్బకి చీలింది, చీలిక అవతలి అంచుదాకా పాకిందా లేదా అని చూస్తారు. ఒంటిమీద సంకేతాలు పంపే పరికరం, సంచిలో పొడవాటి పుల్ల, పార ఉంటాయి. మంచులో కూరుకుపోయిన మనిషిని మొదటి పది పదిహేను నిమిషాల్లో బయటికి తీస్తేనే ఎక్కువ ఆశ. అంత తొందరగా బయటి సాయం రాదు. పక్కనున్నవాళ్లే తవ్వాలి. ప్రమాదకరమైన చోటు ఒక్కొక్కరుగా దాటుతారు, మిగతావాళ్లు కన్ను తిప్పకుండా చూస్తుంటారు.

ఇదంతా విన్నాక నాకు మొదట తట్టింది మా అవ్వ.

మా అమ్మ పుట్టిల్లు ఉదయగిరి. మూడువేల అడుగుల దుర్గం కొండ నీడలో ఉంటుంది ఊరు. ఆ దుర్గం గురించి చరిత్ర పుస్తకాల్లో ఒక సంగతే చెపుతారు. శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి దాన్ని గెలుచుకోవడానికి ఏడాది పైచిలుకు ముట్టడి వేశాడని, 1514లో అది లొంగిందని. కానీ ఆ కొండని రోజూ ఎక్కి దిగింది రాజులు కాదు. ఆడవాళ్లు. మా అవ్వ కట్టెలు కొట్టి అమ్మేది. ఉదయగిరి చెక్క గరిటెలకీ చెంచాలకీ పేరుపడ్డ ఊరు. వాటికి ఇప్పుడు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ గరిటెలకి కావాల్సిన కర్ర కొండమీది చెట్లదే. చెక్కేవాళ్లలోనూ ఎక్కువమంది ఆడవాళ్లే. కొట్టంలో కూర్చుని చెక్కే చేతులకి ముందు, కొండమీద ముళ్లలో, రాళ్లలో, పాముల మధ్య తిరిగిన కాళ్లున్నాయి.

మా అవ్వకి కొండ తెలుసు. దుర్గం నెత్తిన మబ్బు దిగి కూర్చుందంటే ఆరోజు దూరం పోయేది కాదు. వాగు దాటేముందు ఒక్క నిమిషం నిలబడి నీళ్లని చూసేది. “నీళ్ల రంగు మారిందంటే, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నాయంటే, పైన వాన పడిందని అర్థం అమ్మణ్ణీ. నీ నెత్తిన ఎండ కాస్తా ఉందని మోసపోబాకు” అనేది. ఎక్కడో పది మైళ్ల అవతల పడిన వాన ఇక్కడ ఎండలో నిలబడ్డ మనిషిని తీసుకుపోతుంది. నెల కింద పడిన మంచుపొర ఈరోజు ఎండలో నడిచే మనిషిని తీసుకుపోతుంది. మా అవ్వ, నా కూతురు చదివేది ఒకటే పాఠం. కనపడేదాన్ని బట్టి కనపడనిదాన్ని చదవడం.

కానీ మా అవ్వ చేసినదాన్ని ఎవరూ సాహసం అనలేదు. పొట్టకోసం పడే ప్రమాదానికి మన భాషలో ఆ మాట వాడరు. కాలుజారి పడితే ‘ఖర్మ’ అంటారు. ఆమెకి తెలిసినదాన్ని విజ్ఞానమూ అనలేదు. ‘ముసలమ్మ మాటలు’ అన్నారు.

ఇక్కడే నాకొక సంగతి అర్థమైంది. మన ఇళ్లలో ఆడపిల్ల రోజుకి పదిసార్లు వినే మాట ‘జాగ్రత్త’. అయితే ఆ ఒక్క మాటలో రెండు వేరు వేరు సంగతులున్నాయి. ఒకటి మా అవ్వ చెప్పిన జాగ్రత్త. అది వాగుని చూడమంటుంది, నీళ్ల రంగు చూడమంటుంది. దానికి కారణం ఉంటుంది, కొలత ఉంటుంది. ఈరోజు వద్దంటే రేపు సరే అనగలదు. రెండోది పితృస్వామ్యం చెప్పే జాగ్రత్త. అది వాగుని చూడదు, పిల్లని చూస్తుంది. చీకటి, ఊరు, బట్టలు, వయసు. దానికి ఏ రోజూ సరే అనే రోజు లేదు. మొదటి జాగ్రత్త మనిషికి లోకంలో తిరగడం నేర్పుతుంది. రెండోది తిరగకపోవడం నేర్పుతుంది. నేను నా కూతురికి పంపిన ‘పోబాకు’ రెండో రకంది. ఏ వాలు అని అడగకుండా వద్దన్నాను కాబట్టి.

ఇంత తేలిగ్గా తేలిపోతే ఈ వ్యాసం అక్కర్లేదు. నన్ను నేను తప్పుపట్టుకుని, అమ్మాయికి క్షమాపణ చెప్పి, కథ ముగించొచ్చు. కానీ తెలిసినంత మాత్రాన మనం చూస్తామా? చూసినా చెపుతామా?

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక సంఘటన జరిగింది. ఉదయగిరి వైపు పరీక్షల పనికి పోయి జీపులో ఆత్మకూరుకి తిరిగొస్తున్నాం. ఆరుగురం. నేనూ, వంటామె తప్ప అందరూ మగవాళ్లు, నాకన్నా పెద్దవాళ్లు. దారిలో వాగు చప్టా మీద నీళ్లు పారుతున్నాయి. మోకాలిలోతు కూడా ఉన్నట్టు లేదు. జీపు ఆగింది. నేను నీళ్లని చూశాను. ఎర్రమట్టి రంగు. పైనుంచి ఎండుటాకులు, తుమ్మ కంపలు కొట్టుకొస్తున్నాయి. మా అవ్వ మాట నా చెవిలో మోగింది. డ్రైవరు “మొన్న ఇంతకన్నా ఎక్కువ నీళ్లలో దాటించాను సార్” అన్నాడు. పెద్దాయన “పోనీయ్ పోనీయ్, చీకటి పడతా ఉంది” అన్నాడు. నేను నోరు తెరవలేదు. కొత్తదాన్ని, ఆడదాన్ని, పిరికిదని నవ్వుతారని. మా అవ్వ కట్టెలమ్ముకునే మనిషి కదా, ఆమె మాట ఈ చదువుకున్నవాళ్ల ముందు ఏం చెప్పేదని కూడా అనిపించింది. ఆ సంగతి ఇప్పుడు రాయడానికి కూడా సిగ్గుగా ఉంది.

చప్టా మధ్యలో బండి ఆగిపోయింది. నీళ్లు చూస్తుండగానే సీటు దాకా వచ్చాయి. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని దిగాం. వంటామె చెయ్యి జారింది. ఇరవై గజాల కింద తుమ్మచెట్టు కొమ్మ దొరకబట్టి బతికింది. ఒళ్లంతా ముళ్లు. ఆమె నాతో తర్వాత ఒక్కటే అంది. “నాకు తెలుసమ్మా ఆ నీళ్లు. కానీ పెద్దోళ్లు పోదామంటుంటే నేనెవర్ని?”

ఆ జీపులో వాగు తెలిసినవాళ్లు ఇద్దరున్నాం. ఇద్దరమూ మాట్లాడలేదు.

ఎవరూ చనిపోలేదు కాబట్టి ఆ కథ తర్వాత స్టాఫ్‌రూములో వేడుకగా చెప్పుకునే కథ అయింది. ఆ డ్రైవరు అదే చప్టా మీద తర్వాత కూడా అట్లాగే దాటించేవాడని విన్నాను. “మొన్న దాటలేదా?” అనేవాడట. ప్రమాదం నుంచి బయటపడడం మనకి ఏమీ నేర్పదు, పైగా తప్పు నేర్పుతుంది. మంచు విషయంలోనూ ఇంతేనట. కూలబోయే వాలు కూడా పదిసార్లలో తొమ్మిదిసార్లు కూలకపోవచ్చు. ఆ తొమ్మిదిసార్లూ మనిషి తన తెలివిని మెచ్చుకుంటాడు.

ఈ విషయం మీద ఇయాన్ మెక్‌కామన్ అనే అమెరికన్ పరిశోధకుడు చేసిన పని గురించి మా అమ్మాయి చెప్పింది. 1972 నుంచి 2003 దాకా అమెరికాలో జరిగిన 715 మంచు ప్రమాదాలని ఆయన పరిశీలించాడు. వాటిలో చాలావాటిలో ప్రమాద సూచనలు ముందే కళ్లెదురుగా ఉన్నాయి. మంచు గురించి శిక్షణ పొందినవాళ్లూ చిక్కుకున్నారు. తెలియక కాదు, తెలిసినదాన్ని పక్కకి నెట్టే మనసు ఉపాయాల వల్ల. ‘ఇది తెలిసిన చోటే’ అనుకోవడం. ‘ఇంతదూరం వచ్చాం కదా’ అనుకోవడం. ‘ఆయనకి తెలుసులే’ అని పెద్దరికానికి వదిలేయడం. ఇతరులు పోయారు కాబట్టి పోవడం. మా చప్టా మీద ఇవన్నీ ఉన్నాయి. ఆరోజు ఆ పట్టిక మా చేతిలో ఉంటే ఒక్కొక్కదానికీ ఎదురుగా ఒక్కో పేరు రాయగలిగేవాళ్లం.

ఆయన చెప్పిన కారణాల్లో ‘మెప్పు’ ఒకటి. మనం ఇష్టపడేవాళ్ల మెప్పు కోసం ప్రమాదానికి తెగించడం. ఆడవాళ్ల ముందు మగవాళ్లు గొప్పకి పోవడాన్ని అందుకు ఉదాహరణగా తీసుకున్నాడు. నిజమే కావచ్చు. కానీ ఆ వాక్యంలో స్త్రీ ఎక్కడుందో చూడండి. ఆమె చూసే మనిషి, మెచ్చే మనిషి. నీళ్ల రంగు తెలిసి మాట్లాడని మనిషి అందులో లేదు. నా అనుభవంలో ఆడవాళ్లు ఉన్నందువల్ల ప్రమాదం రాలేదు. ఆడవాళ్ల మాట లేనందువల్ల వచ్చింది. ఒక బృందంలో ఒక మనిషికి తెలిసినది బయటికి రాకుండా చేసే ఏ అధికారమైనా, కులమో, ఉద్యోగమో, మగతనమో, అది ఆ బృందం మొత్తానికీ ప్రమాదమే. సమానత్వం అనేది దయతో ఇచ్చేది కాదు, అందరూ బతకడానికి కావాల్సింది అని నేను పుస్తకాల్లో కన్నా ఆ చప్టా మీద ఎక్కువ నేర్చుకున్నాను.

మా అమ్మాయి వాళ్ల గుంపులో ఒక నియమం ఉంది. ఎవరైనా, అందరికన్నా కొత్తవాళ్లయినా, ‘వద్దు’ అంటే వెనక్కి తిరగాల్సిందే. కారణం చెప్పనక్కర్లేదు. ఎవరూ నవ్వకూడదు. ఇది విన్నప్పుడు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మన ఇళ్లలో, మన సంస్థల్లో, మన పడకగదుల్లో ఆడదాని ‘వద్దు’కి కారణం చూపించమంటారు, చూపిస్తే చాలదంటారు. ప్రాణం మీద ఆశ ఉన్నవాళ్లు మాత్రం ఆ ‘వద్దు’ని బేరం లేకుండా ఒప్పుకోవడం నేర్చుకున్నారు.

సరే, బృందంలో ఉన్నవాళ్లకి ఆ హక్కు ఉంది. ఇంట్లో కూర్చున్న తల్లికి ఉందా?

ఆత్మకూరు నుంచి నెల్లూరు పోయే దారిలో సంగం వస్తుంది. ఆ మండలంలోని గాంధీజనసంఘం అనే పల్లెలో 1974లో పుట్టాడు మల్లి మస్తాన్ బాబు. కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివాడు. 1985లో ఎవరెస్టు మీద చనిపోయిన ఆ బడి పూర్వవిద్యార్థి ఒకరి స్ఫూర్తి ఆయన్ని కొండలవైపు తిప్పిందంటారు. 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల ఎత్తయిన శిఖరాలు ఎక్కాడు. 2015 మార్చిలో చిలీ, అర్జెంటీనా సరిహద్దులో ట్రెస్ క్రూసెస్ మీద ఒంటరిగా ఉన్నప్పుడు ఆయన జాడ తెలియకుండా పోయింది. ఏప్రిల్ మొదటివారంలో శరీరం దొరికింది. ఆ పదిరోజులూ మా ప్రాంతమంతా ఊపిరి బిగబట్టింది. ఏప్రిల్ చివరికి ఆయన్ని సొంతూరు తెచ్చారు. ప్రభుత్వ లాంఛనాలతో సాగనంపారు. నేనూ ఏడ్చాను. ఇప్పటికీ ఆ దారిన పోతుంటే ఆయన గుర్తొస్తాడు, గర్వంగానే ఉంటుంది.

అప్పుడు ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. ‘ఎందుకు పోనిచ్చారు?’ అడగకపోవడమే సరైంది. కానీ అదే చోట ఒక ఆడపిల్ల ఉంటే మన ఊళ్లు అడగకుండా ఉండేవా? అలిసన్ హార్‌గ్రీవ్స్ అనే బ్రిటిష్ పర్వతారోహకురాలు 1995 మేలో ఎవరి సాయమూ, ఆక్సిజనూ లేకుండా ఎవరెస్టు ఎక్కింది. ఆ ఆగస్టులో కె2 మీద తుఫానులో చనిపోయింది. ఆరేళ్లు, నాలుగేళ్ల పిల్లలున్న తల్లికి ఇదేం పని అని పత్రికల్లో రాశారు. అదే తుఫానులో మగ ఆరోహకులూ చనిపోయారు. వాళ్లని ఆ ప్రశ్న అడిగినట్టు నాకెక్కడా కనపడలేదు. జుంకో తబెయ్ 1975 మే నెలలో ఎవరెస్టు మీద శిబిరంలో నిద్రపోతుండగా మంచు కూలి గుడారం మీద పడింది. షెర్పాలు ఆమెని బయటికి లాగారు. పన్నెండు రోజులకి ఆమె శిఖరం మీద నిలబడ్డ మొదటి స్త్రీ అయింది. ఆమె ప్రయాణానికి ముందు విన్న సలహా, ఇంట్లో ఉండి పిల్లని పెంచుకోమని. ఆమె కూతురికి అప్పుడు మూడేళ్లు.

మన దగ్గర నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి మాలావత్ పూర్ణ 2014 మే 25న, పధ్నాలుగేళ్లయినా నిండకుండా ఎవరెస్టు ఎక్కింది. వ్యవసాయ కూలీల బిడ్డ. నాకు ఎంతో సంతోషం కలిగింది, దానితోపాటు ఒక ఇబ్బందీ కలిగింది. పదమూడేళ్ల పిల్ల ఆ ప్రమాదానికి ‘సరే’ అంటే అది ఎంతవరకు ఆమె ‘సరే’? ఈ ఇబ్బందిని నేను దాచుకోను. అదే ఏడాది ఏప్రిల్ 18న ఎవరెస్టు మరోవైపు ఖుంబు హిమపాతం దగ్గర మంచు కూలి 16 మంది నేపాలీ పనివాళ్లు చనిపోయారు. ఇతరుల శిఖరాల కోసం మూటలు మోసేవాళ్లు. వాళ్ల ‘సరే’ ఎట్లాంటిది? మా అవ్వ కట్టెలమోపు లాంటిదే. కాబట్టి ప్రమాదం ఎదుర్కొనే స్వేచ్ఛ అని మాట్లాడేటప్పుడు రెండు ప్రశ్నలు విడదీసుకోవాలి. ఎవరికి పోవడానికి అనుమతి లేదు? ఎవరికి పోకుండా ఉండడానికి వీలులేదు? స్త్రీవాదం మొదటిదాన్ని బాగా అడిగింది. రెండోదాన్ని తక్కువ అడిగింది.

మా అమ్మాయికి రెండూ ఉన్నాయి. పోవచ్చు, మానుకోవచ్చు. అటువంటి మనిషి విషయంలో కూడా ‘నా శరీరం, నా ఇష్టం’ అన్నది పూర్తి జవాబు కాదనే అనుకుంటున్నాను. ఆమె కూరుకుపోతే తవ్వాల్సినవాళ్లు అదే వాలు మీద నిలబడి తవ్వాలి. వినోదం కోసం పోయినవాళ్లు ప్రాణాలు కోల్పోయిన ప్రమాదాల్లో దాదాపు తొంభై శాతం, ఆ మంచుని కదిలించింది వాళ్లో, వాళ్ల గుంపులోవాళ్లో అంటారు. కొండ వచ్చి మన మీద పడదు, మనమే పిలుస్తాం. అప్పుడు రక్షించే వాళ్లకీ, రెండున్నరదాకా మేలుకునే తల్లికీ మనం ఏమీ బాకీ లేమా? ఈ మాట మా అమ్మాయితో అన్నాను. “బాకీ ఉన్నాను, కాబట్టే గొయ్యి తవ్వుతాను. కాబట్టే నీకు మెసేజ్ పెడతాను. కానీ బాకీ ఉన్నాను కాబట్టి నువ్వు చెప్పినట్టు వినాలంటే అది బాకీ కాదమ్మా, తాకట్టు” అంది.

చాలారోజులు ఆ మాట చుట్టూ తిరిగాను. చివరికి నాకు తోచింది ఇది. మనల్ని ప్రేమించేవాళ్లకి మన నిర్ణయం మీద హక్కు లేదు. కానీ మన కారణాల మీద హక్కు ఉంది. ‘పోబాకు’ అనే హక్కు నాకు లేదు. ‘ఏం చూస్తే వెనక్కి తిరుగుతావు?’ అని అడిగే హక్కు ఉంది. ఆ ప్రశ్నకి జవాబు లేకుండా బయల్దేరితే అది స్వేచ్ఛ కాదు, నిర్లక్ష్యం. జవాబుంటే, అది నాకు నచ్చకపోయినా, నేను గౌరవించాలి. బదులుగా ఆమెకి నా మీద ఒక హక్కు ఉంది. నా భయాన్ని ఆమె మీద పెత్తనంగా వాడకూడదని.

ఇది ఓదార్పు కాదు. 2022 అక్టోబరు 4న ఉత్తరాఖండ్‌లో ద్రౌపది కా డాండా మీద మంచు కూలి శిక్షణలో ఉన్న బృందంలో 29 మంది చనిపోయారు. అందులో సవితా కంస్వాల్ ఉంది. శిక్షకురాలు. ఆ మే నెలలోనే పదహారు రోజుల తేడాలో ఎవరెస్టు, మకాలు ఎక్కిన మనిషి. కొండ తెలిసిన మనిషి. తెలియడం కొండతో ఒప్పందం కాదు. ఇక్కడ ఇంట్లో కూర్చుంటే క్షేమమనీ కాదు. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగినప్పుడు ఊళ్లలో ఉన్నవాళ్లే కొట్టుకుపోయారు. ఆ వరదల్లో పెన్నా సోమశిల దాటి మా వైపు వచ్చినప్పుడు నేనే మేడెక్కి రాత్రంతా నీళ్ల చప్పుడు విన్నాను. అప్పుడు డెన్వర్ నుంచి గంటకొకసారి ఫోన్. “అమ్మా, నీళ్లు ఎంతదాకా వచ్చాయి? ఎప్పుడు బయల్దేరతావు? ఏం చూస్తే బయల్దేరతావు?” ఆమె నన్ను ‘ఉండబాకు’ అనలేదు. ఏం చూస్తానని అడిగింది.

పోయిన శీతాకాలం ఒక శనివారం, రెండున్నర కాకముందే, పదకొండుకే మెసేజ్ వచ్చింది. ‘వెనక్కి తిరిగాం. కారు దగ్గరున్నాం.’ ఎందుకని అడిగాను. వాలు కింద నడుస్తుంటే కాళ్ల కింద ఆ మూలుగు వినపడిందట. గుంపులో అందరికన్నా కొత్తమ్మాయి ‘నాకు వద్దు’ అంది. తిరిగొచ్చేశారు. నేను ఉప్పొంగిపోయాను. మంచి పని చేశారన్నాను. ఆమె కాసేపు ఏమీ అనలేదు.

“ఆ వాలు కూలేదో లేదో మాకు ఎప్పటికీ తెలియదమ్మా. సరైన నిర్ణయమని నువ్వు నన్ను మెచ్చుకోబాకు. వచ్చే వారం అక్కడికే పోవచ్చు.”

“ఏ వైపు వాలు?” అన్నాను.

“ఉత్తరం వైపు. ఎండ తగలదు. పాత మంచు ఇంకా పలుకులుగానే ఉంది” అంది. కాసేపాగి, “అవ్వ వాగు దాటేముందు ఏం చూసేదో మళ్లీ ఒకసారి చెప్పమ్మా” అంది.

చెప్పాను. నీళ్ల రంగు, ఆకులు, పుల్లలు. ఆరోజు చప్టా మీద చెప్పని మాట కూడా చెప్పాను.